ఉసేనప్పకు గౌరవ శిక్షణ

మా ఎర్రవంకలో గౌరవం తక్కువగా ఉందని సర్వేలో తేలింది.

తేల్చినవారు పైనుంచి వచ్చిన పరిశీలక బృందం వారు. వాళ్లు మా రోడ్లు చూశారు, కాలువలు చూశారు, కూరగాయల మార్కెట్టులో ముక్కు మూసుకున్నారు. చివరికి ముస్లింల ఖబరస్తాన్‌కు వచ్చారు. అక్కడ బృందం నాయకుడు ప్రహరీగోడ పగులును ఫొటో తీద్దామని వెనక్కి నడిచి, ఇంకా వెనక్కి నడిచి, ఎవరిదో గోరీ ఎక్కి నిలబడ్డాడు. గోడ మొత్తం ఫొటోలోకి వచ్చింది. ఆయన మొత్తం ఇంకెవరిదో ఫోనులోకి వచ్చాడు. ఆ వీడియో సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది.

మునిసిపాలిటీ అత్యవసరంగా సమావేశమై, శ్మశానంలో ఎలా మసలుకోవాలో ప్రజలకు తెలియదని తీర్మానించింది. నాయకుడికి తెలియకపోవడం గురించి తీర్మానంలో ఏమీ లేదు. ఆయన ప్రజల్లో ఒకడు కాదు కదా.

మా కమిషనర్ పరాంకుశం గారు ఏ పనినీ సగంలో వదిలే మనిషి కాదు. పూర్తయ్యాక కూడా వదలరు. ఎర్రవంకను ‘గౌరవ పట్టణం’ చేసి తీరతానని ప్రకటించి, ఖబరస్తాన్ గేటు పక్కన, ఎండా వానలకు జనాజాను, అంటే పాడెను, దింపుకొనే రేకుల షెడ్డును స్వాధీనం చేసుకొని, దానికి అద్దాలు బిగించి, ఏసీ పెట్టించి, ‘మరణానంతర గౌరవ సాధికారత కేంద్రం’ అని బోర్డు కట్టించారు. నోడల్ అధికారిగా శేషఫణి అనే ఆయన్ని వేశారు. అంతకుముందు ఆయన కుక్కల బెడద విభాగం చూసేవాడు.

ఇదంతా పేపర్లో చదివి నేను పక్కన పెట్టేశాను. నాకు ఖబరస్తాన్‌తో పనేముంటుంది? నా పేరు ఓబులేసు. రిటైరైన బస్సు కండక్టర్ని. అయితే, నా బస్సు నడిపినవాడు ఉసేనప్ప.

ఉసేనప్పది దూదేకుల కుటుంబం. వాళ్ల నాన్న పరుపులు కుట్టేవాడు, ఇతను స్టీరింగ్ పట్టాడు. టైమంటే ప్రాణం. ఒకసారి దారిలో టీ తాగడానికి దిగిన నన్ను వదిలేసి బస్సు తీసుకుపోయాడు. కండక్టర్ లేని బస్సు రెండు ఊళ్లు దాటింది. లారీ పట్టుకొని వెళ్లి అడిగితే, “టైము వచ్చింది, నువ్వు రాలేదు, నేనేం చేయాల?” అన్నాడు. రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున్నే మా అరుగు మీదికి వచ్చి, నా పేపరు నా కంటే ముందు చదివి, నాతో పోట్లాడి వెళ్లేవాడు. మా ఇద్దరికీ పడేది కాదు. ఆ పడకపోవడం కోసమే రోజూ కలిసేవాళ్లం.

ఆ కేంద్రం పెట్టిన కొన్నాళ్లకు ఒక రోజు, తెల్లవారి నమాజు చేసుకొని, టీలో చక్కెర తక్కువైందని భార్య ఖాసింబీని ఒక మాట అని, రెండో మాట అనకుండానే పోయాడు.

నేను వెళ్లేసరికి ఇంట్లో పనులు మొదలైపోయాయి. మసీదులో నమాజు చేయించే జైనుల్లా సాహెబు, ఊరంతా హజరత్ అని పిలిచే పెద్దాయన, దగ్గరుండి చెబుతున్నాడు. కొడుకు షాషావలి, దగ్గరి బంధువులు పరదా కట్టి, తండ్రికి స్నానం చేయించి, తెల్లటి కఫన్ బట్టలో చుట్టారు. కర్పూరం వాసన వీధిలోకి వచ్చింది. గోరీ తవ్వడానికి మనుషులు అప్పటికే వెళ్లిపోయారు. ఇంత తొందరేమిటని నాకు అనిపించింది. హజరత్ నా ముఖం చూసి గ్రహించాడు.

“పోయినాయన్ని కాచుకోబెట్టకూడదు ఓబులేసూ. తొందరగా మట్టి చేయడమే మేము చేసే మొదటి మర్యాద.”

తలుపు చాటునుంచి ఖాసింబీ వదిన నన్ను పిలిచింది. కళ్లు ఎర్రగా ఉన్నా గొంతు గట్టిగానే ఉంది.

“ఓబులేసూ, ఆ మనిషికి కాచుకోవడం చేతకాదని నీకు తెలుసు. పొద్దు గుంకకముందే మట్టి చేయండి. నువ్వుండాల దగ్గర.”

“నేను చూసుకుంటా వదినా” అన్నాను. చూసుకోవడానికి ఏముందిలే అనుకొని అన్న మాట అది.

జనాజా లేపే ముందు హజరత్‌ను పక్కకు పిలిచి, “నేను కూడా భుజం పట్టొచ్చునా సామీ?” అని అడిగాను.

“భుజం ఉండాది కదా, పట్టు” అన్నాడు.

మధ్యాహ్నం నమాజు తర్వాత మసీదు ముందర జనాజా నమాజు జరిగింది. వంగడం, కూర్చోవడం లేదు, అంతా నిలబడే చేశారు. నేను వెనకాల చేతులు కట్టుకొని నిలబడ్డాను. తర్వాత ఒకరి తర్వాత ఒకరం భుజం మార్చుకుంటూ ఖబరస్తాన్‌కు నడిచాం. గేటు మూసి ఉంది.

అద్దాల తలుపు తెరుచుకొని చల్లగాలితో పాటు శేషఫణి బయటికి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో మైకు.

“గౌరవ పట్టణమైన ఎర్రవంక ఖబరస్తాన్‌కు మీకందరికీ సాదర స్వాగతం. మీ విషాదంలో మునిసిపాలిటీ సముచిత స్థాయిలో పాలుపంచుకుంటోంది. ముందుగా పాదరక్షణ తొడుగులు ధరించవలసిందిగా కోరుచున్నాము.”

నీలిరంగు ప్లాస్టిక్ సంచులు. ఆసుపత్రిలో ఆపరేషను గదికి పోయేవాళ్లు చెప్పుల మీద వేసుకొనేలాంటివి. గోరీలకు దుమ్ము తగలకుండానట. ఊరి పెద్దమనుషులంతా జనాజా దింపి, ఒకరి భుజం ఒకరు పట్టుకొని ఒంటికాలి మీద నిలబడి వాటిని తొడుక్కున్నారు. బీడీల కొట్టు మస్తాన్ జారి పడ్డాడు.

“పడడం వల్ల కలిగే శబ్దాన్ని నివారించండి” అన్నాడు శేషఫణి మైకులో.

తర్వాత అందరినీ కేంద్రంలో కూర్చోబెట్టి వీడియో వేశారు. పేరు ‘హుందాగా దుఃఖించడం ఎలా?’ అందులో ఒక అందమైన అమ్మాయి తోటలో నడుస్తూ, గోరీల మీద నడవరాదు, ఆనుకోరాదు, కూర్చోరాదు అని చెప్పింది. తమ తాతల కాలం నుంచి ఆ గోరీల పక్కన ఒద్దికగా నడుస్తున్న మనుషులు దాన్ని ఒద్దికగా విన్నారు. మధ్యలో కమిషనర్ గారు తెర మీదికి వచ్చి నమస్కరించారు. అక్కడ చప్పట్లు కొట్టాలని శేషఫణి సైగ చేశాడు గాని, అది నిశ్శబ్ద మండలం కనుక చేతులు తగలకుండా కొట్టమన్నాడు.

అప్పుడే షాషావలికి దుఃఖం ఆగలేదు. పెద్దగా ఏడ్చాడు. గోడ మీద ఎర్రదీపం వెలిగి టింగుమంది.

“బాబూ, మీ రోదన నిర్దేశిత పరిమితి దాటింది. కన్నీటికి అభ్యంతరం లేదు, ధ్వనికి మాత్రమే. ఇది నివాస ప్రాంతం.”

షాషావలి ఏడుపు ఆపేసి తలెత్తాడు. “ఎవరి నివాసం సార్?”

“లోపల ఉన్నవారిది.”

అని ఊరుకుంటే బాగుండేది. నివాసుల మాట రాగానే శేషఫణికి ఇంకొకటి గుర్తొచ్చింది. కొత్తగా గోరీ తవ్వితే ఇరుగుపొరుగు గోరీలవారి ప్రశాంతతకు భంగం కలుగుతుంది కనుక, తవ్వకానికి ముందు వాళ్ల అభ్యంతరాలు ఆహ్వానించాలట. మావాళ్లు కేంద్రం తెరవకముందే వచ్చి తవ్వేశారు. ఆయన పది గంటలకు వచ్చి, గుంత చూసి, వెంటనే రెండువైపులా నోటీసులు అంటించాడు.

“అభ్యంతరాలు ఏమన్నా వచ్చినాయా సార్?” అని అడిగాను.

“ఇంతవరకు ఒక్కటీ అందలేదు. కాని గడువు ముగియాలి కదా?”

“ఎప్పుడు ముగుస్తాది?”

“పదిహేను రోజులకు.”

నేను నా సర్వీసంతా టికెట్ తీసుకోని జనంతో వాదించినవాణ్ణి. గొంతు తగ్గించి చెప్పాను. “సార్, కుడిపక్క ఉండేది ఉసేనప్ప నాయన. ఎడమపక్క ఆయన బామ్మర్ది. ఇంటి మనుషులే. వాళ్లేమనుకుంటారు?”

“బామ్మర్దికీ ఆయనకూ మాటల్లేవు కదా” అని వెనకనుంచి మస్తాన్ గొణిగాడు. నేను వెనక్కి కాలు వేసి వాడి ప్లాస్టిక్ సంచీ తొక్కాను.

శేషఫణి కాసేపు ఆలోచించి, సమీప బంధువుల విషయంలో నిబంధన సడలించే అధికారం తనకు ఉందని ప్రకటించాడు. ఉన్నందుకు ఆయనకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. అందరి చొక్కాలకూ ‘నేను గౌరవిస్తాను’ అనే బిళ్లలు తగిలించారు. అమ్మయ్య అనుకొని బయటికి వచ్చి జనాజా కింద భుజాలు పెట్టాం.

“ఆగండి. ముఖ్యమైన లబ్ధిదారుకు శిక్షణ కాలేదు.”

“ఎవరికి సార్? అందరమూ కూచుంటిమి కదా?”

శేషఫణి వినయంగా జనాజా వైపు చెయ్యి చాపాడు.

ఆయనే విడమరిచి చెప్పాడు. “మీరు తాత్కాలిక సందర్శకులు. కాసేపు ఉండి వెళ్లిపోతారు. వారు శాశ్వత సందర్శకులు. తాత్కాలికులకే శిక్షణ తప్పనిసరి అయినప్పుడు, శాశ్వతులను శిక్షణ లేకుండా అనుమతిస్తే నేను పైవారికి ఏమని జవాబు చెప్పుకోవాలి?”

అందులో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. దానికే భయం వేసింది.

జనాజాను కేంద్రంలోకి తెచ్చి తెర ముందు దింపించారు. ఏసీ పెంచారు. వీడియో మళ్లీ మొదటినుంచి వేశారు. తోటలో అమ్మాయి మళ్లీ నడిచింది. ఎవరి కోసం జాగ్రత్తగా నడుచుకోవాలో ఆ మనిషికే, అలా జాగ్రత్తగా నడుచుకోమని చెప్పింది. షాషావలి లేచి నా వైపు తిరిగాడు. “గేటు పగలగొడతా చిన్నాయనా. ఏమైతే అదవనీ” అన్నాడు. హజరత్ వాడి మణికట్టు పట్టుకున్నాడు, వదల్లేదు.

వీడియో అయ్యాక మౌఖిక పరీక్ష. శేషఫణి జనాజా పక్కన కుర్చీ వేసుకొని, గొంతు సవరించుకొని అడిగాడు.

“రెండు గోరీల మధ్య నడిచేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలేవి?”

జవాబు లేదు.

“పోనీ, ప్రార్థనా సమయంలో ఎలా మెలగాలి?”

జవాబు లేదు. శేషఫణి ఇబ్బందిగా లేచి కమిషనర్ గారికి ఫోను చేశాడు. “సార్, అభ్యర్థి ఆద్యంతం మౌనం పాటిస్తున్నారు. ప్రవర్తన చాలా బాగుంది. ఉత్తీర్ణులుగా పరిగణించమంటారా?... అలాగే సార్... అర్థమైంది సార్.” ఫోను పెట్టేసి మా వైపు తిరిగాడు. “మౌనం ప్రశంసనీయమే గాని అవగాహనకు రుజువు కాదన్నారు. సోమవారం మళ్లీ పరీక్ష ఉంది. అంతవరకు తీసుకువెళ్లి, ఇంటి దగ్గర సాధన చేయించండి.”

బయట నీడలు పొడుగవుతున్నాయి. పొద్దు గుంకకముందే అన్న వదిన మాట చెవిలో మోగుతోంది. నేను జనాజా మీద చెయ్యి వేశాను. చెక్క మంచులా చల్లగా ఉంది. చల్లగాలికి దగ్గు వస్తుందని బస్సులో ఫ్యాను కూడా వేసుకోని మనిషి. నా బతుకులో ఎంతోమందిని బస్సు ఎక్కించాను, ఎంతోమందిని దింపాను. నా స్నేహితుణ్ణి ఆరడుగుల నేలకు చేర్చలేకపోతున్నానని ఏడుపొచ్చింది. ఎర్రదీపం వెలుగుతుందని మింగేశాను.

అప్పుడు హజరత్ ముందుకు వచ్చాడు.

“సార్, ఒక మాట. ఈయనకు పరీక్ష ఎట్లాగూ ఉండాది. లోపల.”

“లోపలా? లోపల మా పరీక్షా కేంద్రం లేదే?”

“మీది కాదు సార్. ఇద్దరొస్తారు. వాళ్లే అడుగుతారు ప్రశ్నలు. ఈయన పోయేది దానికే.”

శేషఫణి ముఖంలో రంగు మారింది. “ఇద్దరా? ఏ శాఖవారు?”

“శాఖ అంటే ఏం చెప్పేది సార్. పైనుంచి.”

“జిల్లా స్థాయా?”

హజరత్ తల అడ్డంగా ఊపాడు. “ఇంకా పైన.”

“రాష్ట్ర స్థాయా?”

“ఇంకా శానా పైన సార్.”

హజరత్ అబద్ధం చెప్పే మనిషి కాదు. ముఖంలో నవ్వు కూడా లేదు. గోరీలో ప్రశ్నలడిగే ఇద్దరు దేవదూతల గురించి అక్కడున్న ముస్లింలలో పిల్లప్పటినుంచీ విననివాడు లేడు. అందరూ తలలు వంచుకొని ప్లాస్టిక్ సంచుల వైపు చూస్తున్నారు. నాకు ఉసేనప్ప ఎప్పుడో పెద్ద వానలో, చెట్టు పడి బస్సు ఆగిపోయినప్పుడు చెప్పాడు. వాళ్లకు ఏం జవాబు చెబుతావురా అని నేనడిగితే, బస్సు లేటుగా నడపలేదని చెబుతా అన్నాడు.

శేషఫణి కుర్చీ అంచు పట్టుకున్నాడు. “వారి పర్యటన గురించి మాకు సమాచారమే లేదే! అభ్యర్థిని ఇక్కడ ఆపేశామని తెలిస్తే...”

“ఇప్పటికే ఆలస్యమైంది సార్” అన్నాను నేను.

గేటు తెరుచుకుంది. ఆయనే తెరిచాడు. ఒక చేత్తో గేటు, ఇంకో చేత్తో ఫోను.

మేము జనాజా ఎత్తుకొని గోరీల మధ్య సందుల్లోంచి నడిచాం. లోపల అడుగు పెడుతూనే హజరత్ ఆగి, నెమ్మదిగా సలాం చెప్పాడు. ఎవరికని చూశాను. అక్కడున్నవాళ్లకే. ఎవరింటికైనా పోయినప్పుడు గడప దగ్గర పలకరించినట్టు పలకరించి లోపలికి నడిచాడు. నాకు వాళ్ల మాటలు రావు. చెయ్యి ఎత్తి నుదుటికి ఆనించుకున్నాను.

షాషావలీ, ఇంకో ఇద్దరూ గుంతలోకి దిగారు. ఉసేనప్పను మెల్లగా అందించాం. పడమటి దిక్కుకు ముఖం తిప్పి పడుకోబెట్టారు. మీద బండలు పరిచారు. ఒక్కొక్కరే వచ్చి మూడు పిడికిళ్ల మట్టి వేస్తున్నారు. హజరత్ నాకు సైగ చేశాడు. రెండు పిడికిళ్లు వేశాను. మూడోసారి నా వేళ్లు తెరుచుకోలేదు. షాషావలి వచ్చి నా చేతి మీద చెయ్యి వేస్తే అప్పుడు జారింది మట్టి.

గోరీ పూడ్చి, దువా చేసి లేచేసరికి గేటు దగ్గర సందడి. సందడి అంటే శబ్దం లేని సందడి. కమిషనర్ పరాంకుశం గారు రెండు శాలువాలు, రెండు పూలగుత్తులు, ఒక మేళంతో సహా వచ్చారు. నిశ్శబ్ద మండలం కనుక నాదస్వరం ఆయన నోట్లో పెట్టుకొని ఊదకుండా నిలబడ్డాడు. డోలు ఆయన కర్ర గాలిలోనే ఆపుకున్నాడు. అందరి కాళ్లకూ నీలి సంచులు.

కమిషనర్ గారు హజరత్ చెవి దగ్గరికి వంగారు. “ఆ ఇద్దరూ వచ్చారా?”

“ఇంకా లేదు సార్. అందరమూ పోయినాంకనే వస్తారు.”

“అందరూ అంటే?”

“అందరమూనే. మనం నడిచిపోయే చెప్పుల చప్పుడు లోపలున్నాయనకు వినపడతా ఉంటాదంట. అప్పుడొచ్చి కూచోబెట్టి అడుగుతారు.”

“రహస్య మూల్యాంకనం!” కమిషనర్ గారు పూలగుత్తులు వెనక్కి దాచుకున్నారు. “సిబ్బంది ఎవరైనా కనబడితే?”

“అది వాళ్లకూ ఆయనకూ మధ్యన మాట సార్. నడాన ఎవురూ ఉండకూడదు.”

కమిషనర్ గారు గిరుక్కున తిరిగి ఉత్తర్వులు జారీ చేశారు. కేంద్రం తక్షణం ఖాళీ చేయాలి. ఏసీ ఆపాలి. బోర్డు దింపాలి. పైవారు పిలవనిదే మునిసిపాలిటీ మనిషి ఒక్కడు కూడా ఈ చుట్టుపక్కల కనిపించరాదు. శేషఫణి పరుగెత్తబోయి, సంచీ జారి, శబ్దం లేకుండా పడ్డాడు. శిక్షణ ఆయనకు మాత్రం బాగా పనిచేసింది.

వెళ్తూ వెళ్తూ కమిషనర్ గారు మళ్లీ వెనక్కి వచ్చారు. “వారి పరిధి ఈ ఖబరస్తాన్ వరకేనా? మిగతావారిని కూడా...”

“ఎవుర్నీ ఇడిసిపెట్టరు సార్.”

“నా దగ్గరికి కూడా వస్తారా?”

“వస్తారు సార్” అన్నాడు హజరత్, ఎంతో ఆప్యాయంగా.

“తేదీ ఏమైనా తెలుస్తుందా?”

“అది ముందుగా చెప్పరు సార్.”

“ఆకస్మిక తనిఖీ” అని గొణుక్కుంటూ ఆయన జీపెక్కారు. పూలగుత్తులు రెండూ గేటు మీద పెట్టి పోయారు. ఆ ఇద్దరూ ఎవరన్నది తర్వాత ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. కేంద్రానికి వేసిన తాళం ఇప్పటికీ తీయలేదు. ఆఫీసులో మాత్రం ఆయన ఏ ఇద్దరు కలిసి లోపలికి వచ్చినా లేచి నిలబడుతున్నారని విన్నాను.

ఆ సాయంత్రం అందరమూ కాళ్ల సంచులు ఊడదీశాం. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను గోరీకి కొంచెం ఎడంగా మట్టిలో కూర్చుండిపోయాను.

“పోదాం పా చిన్నాయనా. అమ్మ ఎదురుచూస్తా ఉంటాది” అన్నాడు షాషావలి.

“నువ్వు నడువు నాయనా. మట్టి అయిపోయిందని మీ అమ్మకు చెప్పు. పొద్దు గుంకకముందే అయిందని చెప్పు. నేను వస్తా.”

వాడు వెళ్లాడు. హజరత్ మాత్రం ఆగాడు. నేను ఎందుకు కూర్చున్నానో ఆయనకు అర్థమైంది.

“నువ్వు కూచున్నంత మాత్రాన అది ఆగదు ఓబులేసూ.”

“తెలుసు సామీ. ఈ పొద్దు వానికి ఇప్పటికే శానా ప్రశ్నలైనాయి. రోంతసేపు ఊపిరి తీసుకోనీ.”

హజరత్ నా భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆయన చెప్పుల చప్పుడు గేటు దాకా వినిపించింది. తర్వాత ఏమీ లేదు. ఎండుగడ్డిలో గాలి ఒక్కటే.

నేను ఉసేనప్పతో ఏమీ మాట్లాడలేదు. మాట్లాడితే పోట్లాటే అవుతుంది. చీకటి పడబోతుండగా లేచాను. లేచి ఒక అడుగు వేశాను. చెప్పు టపామంది. ఆగిపోయాను.

వాడు వింటున్నాడేమో. ఓబులేసు గాడు కూడా పోతున్నాడు అనుకుంటాడేమో.

వంగి చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాను. గోరీలు తొక్కకుండా, పక్కపక్కనుంచి, మునివేళ్ల మీద నడిచాను. నేను ఇంకా అక్కడే కూర్చున్నానని అనుకోనీ. ఆ ఇద్దరూ వచ్చి అడుగుతున్నప్పుడు, వెనకాల మావాడు ఒకడున్నాడులే అని ధైర్యంగా ఉండనీ.

సగం దూరంలో పల్లేరుకాయ దిగింది. మడమలోకి, లోతుగా. కళ్లలో నీళ్లు తిరిగాయి. పళ్లు బిగబట్టుకొని, కుంటుకుంటూ నడిచాను.

గేటు దాటి, మలుపు తిరిగి, రోడ్డు మీదికి వచ్చాక గాని “అబ్బా” అనలేదు.